తొలి వాయి

నన్ను కన్న మా అవ్వ చివరి వారంలో అడిగింది ఒక్కటే, జొన్న గటక. మిక్సీలో పట్టిన రవ్వతో వండి పెడితే జిగటగా ఉందని రెండు ముద్దలకే చాలంది. మేం శ్రీరాంపూర్ గని క్వార్టర్‌కు వచ్చిన నాటి నుంచి ఆమె ఇసుర్రాయి వెనక వాకిట్లో నీళ్ల గోలెం పక్కన పడి ఉంది.

కడిగి చూస్తే లోపలి గాట్లన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. గాట్లు లేని రాయి ఎంత తిప్పినా గింజను నలపదు, జారనిస్తుంది. నస్పూర్ నుంచి కక్కు కొట్టే ఆమెను పిలిపించాను. రెండు రాళ్లకూ నడిమి నుంచి అంచు దాకా ఉలితో కొత్త గాట్లు పెట్టింది. కంతలో పోసిన గింజ రాళ్ల మధ్య పగిలి, ఆ గాట్ల వెంటే బయటికి వస్తుంది. పోతూ ఒక మాట చెప్పింది.

"తొలి రెండు మూడు వాయిలు పారబొయ్యి అక్కా. రాతిపొడి ఉంటది."

నాకు తెలియనిది కాదు. కక్కు కొట్టించిన రోజు అవ్వ ముందు తవుడు వేసి విసిరి, ఆ పొడి దిబ్బ మీద పోసేది. మా ఇంట్లో తవుడు లేదు. జొన్నలు సోలెడే ఉన్నాయి. ఒక పిడికెడు విసిరి పారబోశాను. రెండో పిడికెడు పారబోయడానికి చెయ్యి రాలేదు. అయిందా అని లోపలి నుంచి అవ్వ రెండుసార్లు అడిగింది. గింజ ఎక్కువ పోస్తే రవ్వ, తక్కువ పోస్తే పిండి. అది చేతులకు గుర్తుంది. పారబోయాలన్నది గుర్తుండి కూడా చేయలేదు.

ఆ రవ్వతోనే వండిన గటక చల్లార్చి అవ్వ నోట పెట్టాను. ఆమెకు మిగిలిన నాలుగు పళ్ల మధ్య కరకర నాకు కూడా వినిపించింది. అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది.

"రాయి వండి పెట్టినవా బిడ్డా?"

కోపంగా అనలేదు. నీళ్లు పుక్కిలించి గిన్నె పక్కకు జరిపింది. మళ్లీ చేస్తానన్నాను. రేపు చూద్దాం తియ్ అంది.

మరునాడు పొద్దున మిగిలిన జొన్నలు విసిరాను. రవ్వను నీళ్లలో గాలించాను. ఒక్క రాతి రేణువు లేదు. అప్పటికి అవ్వ మింగలేకపోతోంది. పెట్టిన చెంచాడు పెదవి చివర నుంచి కారింది. తుడిచాను. మూడో రోజు పోయింది.

పదో రోజున మా మేనత్త అందరి ముందు నన్ను మెచ్చుకుంది.

"అడిగిన గటక బిడ్డ ఇసిరి మరీ పెట్టింది. కడుపు సల్లగ పోయింది మా వదిన."

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు అవునన్నారు. నేను కాదనలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, తిన్నదనే చెబుతున్నాను.