మిరపచేలో ఇంగ్లీషు పాఠం

ఇప్పటికీ ఏ కథ నచ్చినా, చెప్పడానికి ఆమె పక్కనుంటే బాగుండుననిపిస్తుంది. ఆదోనిలో పదో తరగతి చదివేటప్పుడు నా బల్ల మీదే కూర్చునేది. ఇంగ్లీషు పాఠాలు బట్టీ పట్టేది కాదు. నా పుస్తకం మూసేసి, "నాకు సెప్పినట్టు సెప్పుమే, పేపరుకు సెప్పినట్టు గాదు" అనేది. ఎవరితోనూ మాట్లాడని నేను ఆమెకు మాత్రం అన్నీ చెప్పేదాన్ని.

పరీక్షల ముందు వాళ్లింట్లో అందరూ మిరపకాయలు కోసే కూలికి, మావైపు సుగ్గి అనే వలసకు, గుంటూరు వైపు వెళ్లారు. "పరీక్షకొస్తా. అందాంకా ఫోన్లో సెప్పు" అంది. సాయంత్రాలు నేను పాఠాలు కథల్లా చెబితే, చేలో కాయలు కోస్తూ వాళ్లమ్మ ఫోనులో స్పీకరు పెట్టుకుని వినేది. పక్క సాళ్లలోని ఆడవాళ్లూ వినేవాళ్లు. "ఆ ముసలోడు బతికినాడా లేదా సెప్పు పాపా, రేపటిదాంకా యాడ ఆగేది?" అని ఒకామె అరిస్తే అందరూ నవ్వేవాళ్లు.

ఇంగ్లీషు పరీక్షకు ఆమె రాలేదు. బయటికి రాగానే నాన్న ఫోను తీసుకుని చేశాను.

"కోత అయ్యేదాంకా కూలోళ్ల మేస్త్రీ పంపనన్నాడు. ఏమొచ్చినాయి సెప్పు" అంది.

ప్రశ్నలు ఒక్కొక్కటే చదివాను. కాయలు కోస్తూనే అన్నిటికీ తెలుగులో జవాబు చెప్పింది. ఒక్కటీ తప్పు పోలేదు.

"పాసైనానామే?" అని నవ్వింది.

ఆమెకు కనిపించదని తెలిసి కూడా, తలూపుతూ నిలబడ్డాను.