నడినెత్తి నుంచి మడమ దాకా

మా వీధి టైలరు శవాల బండి కొన్నాడన్నది పచ్చి అబద్ధం. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, ఆ అబద్ధాన్ని పుట్టించింది నేనే. పుట్టించిన చేత్తోనే పాతిపెట్టాలి కదా! అసలు జరిగిందేమిటో మొదటి నుంచీ చెబుతాను. చివరిదాకా వినండి. సగం విని లేచిపోయేవాళ్ళ వల్లే క్రితంసారి ఇంత గొడవైంది.

టైలరు గురించి తెలియవలసింది ఒక్కటే. అతనికి భయం. ఫలానాదంటే భయమని కాదు. గాలి వీస్తే భయం, వీయకపోతే ఇంకా భయం. పాలతో నోరు కాలినవాడు మజ్జిగ ఊదుకుని తాగుతాడంటారు. ఇతను కుండలో నీళ్ళు కూడా ఊదుకునే తాగుతాడు. ప్యాంటుకి బెల్టు పెడతాడు, బెల్టు తెగితే ఎలాగని లోపల నాడా కుడతాడు. అతను కుట్టిన చొక్కా చిరగవచ్చు గానీ బొత్తాం మాత్రం ఊడదు. అడిగితే ఒకటే జవాబు: "ఎందుకైనా మంచిది." ఆ మాట అనీ అనీ అతని అసలు పేరు వాళ్ళావిడకే గుర్తులేకుండా పోయింది. వీధిలో అందరికీ అతను "ఎందుకైనా."

అతని కొట్టు మా గేటుకి ఎదురుగా ఉంటుంది. నన్ను అక్కయ్యా అంటాడు, మా ఆయన్ని బావగారూ అంటాడు. మా ఆయన సైన్‌బోర్డులు రాసే పెయింటరు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఊళ్ళో పెయింటర్లందరికీ నిచ్చెన కావాలి, మా ఆయనకి బోర్డు కాస్త కిందికి దించాలి. అంత పొడుగున్నందుకు దేవుడు ఒక వడ్డన తక్కువ చేశాడు, నడుము. వంగినప్పుడల్లా ఎక్కడో ఓ చోట పట్టేస్తుంది.

పోయిన ఏడాది మరీ గట్టిగా పట్టేసింది. కదలలేని మనిషిని ఆటోలో మూడు మడతలు పెట్టి కుక్కాం. తల ఒక వైపు, మోకాళ్ళు గడ్డం కింద, పాదాలు రెండూ రోడ్డు మీదికి. ఆ పాదాలు దేనికి గుద్దుకుంటాయోనని మన "ఎందుకైనా" వాటిని రెండు చేతులా పట్టుకుని ఆటో వెంట ఆసుపత్రి దాకా పరిగెత్తాడు. డాక్టరు చూసి నన్ను చీవాట్లు పెట్టాడు. "మనిషా, గొడుగా అమ్మా, ఇలా మడిచి తెచ్చారు? ఈసారి ఇలా అయితే తిన్నగా పడుకోబెట్టి తీసుకురండి. మడిచారంటే కాళ్ళు పడిపోతాయి" అన్నాడు. ఆయన తగ్గి లేచి తిరిగేసరికి ఆ మాట నేను మరిచిపోయాను. మరిచిపోనివాడు ఒకడున్నాడని అప్పుడు తెలియదు.

ఓ రోజు మధ్యాహ్నం ఎందుకైనా టేపు మెడలో వేసుకుని మా వరండాలోకి వచ్చాడు.

"బావగారూ, ఓసారి ఈ బల్ల మీద పడుకోండి, కొలత తీసుకోవాలి."

"ప్యాంటుకి పడుకోవడం ఎందుకయ్యా?" అన్నారు మా ఆయన, కుంచె పట్టుకునే.

"నిలబడితే ఓ తీరు, పడుకుంటే ఓ తీరు. ఎందుకైనా మంచిది."

మా ఆయన అమాయకుడు, పడుకున్నారు. ఎందుకైనా టేపు కొస నడినెత్తిన పెట్టి, మడమ దాకా లాగి, చెవి మీది పెన్సిలు తీసి రాసుకున్నాడు. తర్వాత ఒక భుజం నుంచి రెండో భుజానికి కొలిచాడు. నడుము కొలవలేదు. చేతులు కొలవలేదు. బట్ట ఏదని అడగలేదు. రంగు అడగలేదు. వెళ్ళిపోయాడు.

తలుపు సందులోంచి ఇదంతా చూస్తూనే ఉన్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ కొలతలు తెలియనిదాన్ని కాదు. చొక్కాకి కాలరు, ప్యాంటుకి నడుము. నడినెత్తి నుంచి మడమ దాకా కొలిచి కుట్టే బట్ట నాకు తెలిసి లోకంలో ఒక్కటే. దాన్ని కట్టుకునేవాడు అద్దంలో చూసుకోడు.

అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మా ఆయన దగ్గితే ఉలిక్కిపడేదాన్ని, దగ్గకపోతే దగ్గరికెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. "ఒసేయ్, ఊపిరాడనివ్వవే" అనేవారు. ఆ మాటకి ఇంకా భయం. ఆసుపత్రిలో డాక్టరు నాకు చెప్పనిదేదో టైలరుకి చెప్పి ఉంటాడా? ఆగలేక టైలరు పెళ్ళాన్ని పట్టుకున్నాను.

"ఏమ్మా, మీ ఆయన ఏం కుడుతున్నాడు?"

"ఏమో వదినా. పొద్దున్నే టేపు పట్టుకుని పాత కార్లు అమ్మే షెడ్డుకి పోతున్నాడు. కారుకి చొక్కా కుడతాడేమో!"

"అడగలేదూ?"

"అడిగాను. 'అక్కయ్యకి మాత్రం చెప్పకు' అన్నాడు."

అక్కయ్య అంటే నేనే! ఇంక సంగతి లాగాలంటే మా వీధి మెకానిక్కే దిక్కు. అతనికి గ్రీజు పట్టిన చేతులు, జారే నోరు.

"నెల్లాళ్ళుగా తిరుగుతున్నాడమ్మా" అన్నాడు మెకానిక్కు. "బండి చూసేవాడు ఇంజను చూస్తాడు, టైర్లు చూస్తాడు. ఈయన తిన్నగా డిక్కీ తెరిచి లోపల టేపు వేస్తాడు. 'ఇంజను చూడరా?' అని షెడ్డాయన అడిగితే 'ఇంజను సంగతి తర్వాత, పొడుగెంత?' అంటాడు. చివరికి ఒకటి కుదిరింది. స్టేషన్ వ్యాగన్ అంటారు. యూరప్‌లో పెద్ద పెద్ద కుటుంబాలవాళ్ళు పిల్లల్నీ, కుక్కనీ, పెట్టెల్నీ వేసుకుని తిరిగే బండి."

నేను ఆలోచించాను. టైలరుకి పిల్లల్లేరు. కుక్కంటే ఆమడ దూరం. ఇక మిగిలింది పెట్టె. ఏ పెట్టె?

మర్నాడే బండి వచ్చింది. వచ్చిందంటే ఒక్కసారిగా రాలేదు. ముందు మూతి వచ్చింది, చాలాసేపటికి తోక వచ్చింది. నల్లగా, పొడుగ్గా, రైలుపెట్టె దారి తప్పి వీధిలోకి వచ్చినట్టుంది. వెనక సీట్లు మడిచేసి పరుపు వేశాడు, దిండు వేశాడు. కిటికీలకి తెల్లటి కర్టెన్లు తనే కుట్టి తగిలించాడు. వాటి అంచులు కూడా రెండేసి కుట్లు.

నా నోరు ఆగలేదు. ఇస్త్రీ ఆయనకి చీర ఇస్తూ, "నీకొక్కడికే చెబుతున్నా, ఎవరితోనూ అనకు" అన్నాను. ఆ చీర మడత పడేలోగా వీధి ఆ చివరికి మాట చేరింది. అప్పటి నుంచి ఆ బండి వస్తుంటే మూల ఇంటి ముసలాయన దగ్గు ఆపుకుని నిటారుగా నిలబడి చేతులు పైకీ కిందికీ ఆడించేవాడు, తనకింకా టైముందని టైలరుకి తెలియాలని.

అసలు ఆ బండిని చూసి అందరికన్నా ఎక్కువ భయపడ్డది దాని యజమానే. పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి బానెట్టుకి చెవి ఆనించి వినేవాడు. దాంతో వచ్చిన పుస్తకం ఏ భాషలో ఉందో ఎవరికీ తెలియదు, బొమ్మలు చూసి వణికేవాడు. మన బండ్లకి సిగ్నలు పుల్ల కుడి చేతి పక్క, వైపర్లది ఎడమ పక్క. దానికి తలకిందులు. అతను మలుపు తిరగాలనుకున్నప్పుడల్లా అద్దం మీద వైపర్లు ఊగేవి. మండుటెండలో వైపర్లు ఊగుతున్నాయంటే ఎందుకైనా మలుపు తిరుగుతున్నాడని సైకిళ్ళవాళ్ళు కూడా నేర్చుకున్నారు. నేర్చుకుని, దాటి వెళ్ళిపోయేవారు. అంత నెమ్మది.

ఒకసారి లోపల పసుపుపచ్చ లైటు వెలిగింది. ఎందుకైనా బండి నడిరోడ్డు మీద ఆపి, దిగి, ఇరవై అడుగులు పరిగెత్తి, గోడ చాటు నుంచి తొంగి చూశాడు. మెకానిక్కు వెళ్ళి చూసి వచ్చి, "అయ్యా, డిక్కీ తలుపు సరిగ్గా పడలేదని చెబుతోంది, అంతే" అన్నాడు.

"మర్యాదగా చెప్పొచ్చు కదా, అంత ఎర్రబడటం ఎందుకు?"

"పసుపేనండీ."

"ఇవాళ పసుపు. ఎందుకైనా మంచిది, రేపు కూడా ఓసారి చూడు."

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటారా? అతను బండిని రోజూ తన కొట్టు ముందే నిలిపేవాడు గానీ, మూతి కొట్టు వైపు, డిక్కీ సరిగ్గా మా గేటు వైపు. ముగ్గురు పట్టేంత డిక్కీ, మా గుమ్మానికేసి చూస్తూ, ఎప్పుడా ఎప్పుడా అన్నట్టు.

"తమ్ముడూ, దాని వెనకభాగం మా వైపు పెట్టకు" అన్నాను ఓ రోజు.

"ఎందుకక్కయ్యా?"

"ఊరికే. చూడబుద్ధి కావట్లేదు."

"అలాగే ఉండనివ్వండి. ఎందుకైనా మంచిది" అని నేల చూపులు చూశాడు.

ఓ ఉదయం పది గంటలప్పుడు మా ఆయన వరండాలో ఓ బట్టల కొట్టు బోర్డు రాస్తున్నారు. కుంచె కింద పడింది. తియ్యడానికి వంగారు. వంగినవారు వంగినట్టే ఉండిపోయి "అమ్మా!" అని ఒక్క కేక పెట్టి పక్కకి ఒరిగిపోయారు.

"ఏమైందండీ?"

"నడుం... కదలలేనే. కాళ్ళు తెలియట్లేదే. ఇవి నా కాళ్ళేనా చూడు."

అరవయ్యేళ్ళలో నా నోరు మూతపడటం అదే మొదలు. వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో చెప్పగలిగే నాకు, ఆ క్షణాన మా ఆయన కాళ్ళు పట్టుకుని ఏం చెయ్యాలో తోచలేదు. గిల్లాను. ఆయన చూస్తూనే ఉన్నారు. ఇంకా గట్టిగా గిల్లాను. "గిల్లుతున్నావా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి నా ప్రాణం పోయినంత పనైంది.

తల ఎత్తేసరికి ఎందుకైనా మా గేటులో ఉన్నాడు. వెనక మెకానిక్కు. ఇద్దరి చేతుల్లో అతని కటింగ్ బల్ల మీది చెక్క. చెక్కకి అటూ ఇటూ ప్యాంటు బెల్టులు కుట్టి ఉన్నాయి. కేక వినిపించాక కుట్టినవి కావు, ఏనాడో కుట్టి పెట్టుకున్నవి.

"వద్దు!" అని అడ్డం పడ్డాను. "ఆ బండిలో వద్దు! ఆటో పిలవండి! ఆయన బతికే ఉన్నారు!"

"బతికే ఉన్నారు కాబట్టే ఆటో వద్దంటున్నా. పక్కకి జరగండక్కయ్యా."

వాళ్ళిద్దరూ మా ఆయన్ని వంచకుండా, మెలిపెట్టకుండా చెక్క మీదికి జరిపి, బెల్టులు బిగించి, నాలుగడుగుల్లో గేటు దాటారు. డిక్కీ తలుపు అప్పటికే తెరిచి ఉంది. చెక్క సొరుగులా లోపలికి జారిపోయింది. తల దిండు మీద, మడమలు పరుపు అంచున. తలుపు పడింది. ఎక్కడా తగల్లేదు.

నేను ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తున్నాను. ఎందుకైనా స్టీరింగు పట్టుకున్న చేతులు గజగజలాడుతున్నాయి. చెమట ముక్కు మీదుగా కారుతోంది. అయినా బండి మాత్రం నూలు పోగులా తిన్నగా పోయింది. ఆ రోజు మమ్మల్ని ఒక్క సైకిలూ దాటలేదు. మలుపు మలుపుకీ వైపర్లు ఊగాయి. దారంతా అతను ఒక్క మాట అనలేదు, ఆ మాట కూడా అనలేదు. అన్నది మా ఆయనే.

"ఒసేయ్, కర్టెన్లు బావున్నాయే. ఎండ మొహం మీద పడట్లేదు."

డాక్టరు బండి దగ్గరికే వచ్చి చూశాడు. "ఎవరయ్యా ఇలా పడుకోబెట్టి తెచ్చింది? ఈ మనిషి కాళ్ళు నిలబెట్టావు" అన్నాడు. ఎందుకైనా అప్పటికే బండి చక్రం పక్కన చతికిలబడి, మెకానిక్కు ఇచ్చిన మంచినీళ్ళు ఊదుకుంటూ తాగుతున్నాడు.

మూడో నాటికి మా ఆయనకి గిల్లితే తెలిసింది. "చాల్లేవే" అని అరిచారు కూడా. నెల తిరిగేసరికి లేచి బోర్డు పూర్తిచేశారు. నేను ఇస్త్రీ ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ బండి సంగతి నిజం కాదు, అందరికీ చెప్పు అన్నాను. అతను పెట్టె వేడి చూసుకుంటూ, "ఈ మాట వీధిలో అంత తొందరగా పాకదమ్మా. మొదటిదే బావుంది" అన్నాడు. అందుకే ఇంత కష్టపడి ఇదంతా చెబుతున్నాను.

ఒకటి మాత్రం మిగిలింది. ఓ రోజు ఆ బండిలో పరుపు దులుపుదామని తీస్తే, కింద తివాచీ మీద సుద్దగీతలు కనిపించాయి. బట్ట మీద గీస్తారే, అవే. ఒక గీత తల దగ్గర, ఒకటి మడమల దగ్గర, దాని అవతల ఇంకొకటి. తిన్నగా కొట్టులోకి వెళ్ళి అడిగేశాను.

"తమ్ముడూ, నిజం చెప్పు. ఇంత బండి మా ఆయన కోసం కొన్నావా?"

టైలరు మిషను ఆపాడు. ఆ చెవి నుంచి ఈ చెవికి పెన్సిలు మార్చాడు.

"ఛ, అదేం లేదక్కయ్యా. వీధిలో అందరికన్నా పొడుగు బావగారు. ఆయన పడితే ఎవరైనా పడతారు కదా అని ఆయన కొలత తీసుకున్నా. కుట్టుకని రెండంగుళాలు వదిలా."

"నాకు చెప్పొద్దని ఎందుకన్నావు మరి?"

"మీకు చెబితే భయపడతారని."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "మరి నాకేదైనా అయితే? నా కొలత తీసుకోలేదేం?" అన్నాను.

అతను నన్ను ఓసారి పైనుంచి కిందికి కాకుండా ఈ పక్క నుంచి ఆ పక్కకి చూశాడు.

"మీ జాకెట్టు కొలతలు ఎటూ నా కొలతల పుస్తకంలో ఉన్నాయి కదక్కయ్యా. మీకు పొడుగుతో పేచీ లేదు. అందుకే అడ్డంగా కూడా నాలుగంగుళాలు ఎక్కువున్న బండే చూసుకున్నా. ఎందుకైనా మంచిది."