నాన్న గొంతు కాపీ అయిన మధ్యాహ్నం

మాది కార్ఖానాల ఊరు. విశ్వకర్మ పూజ నాడు మా కాసిడీహ్ వీధిలో సైకిలుకీ, కుట్టుమిషనుకీ కూడా బొట్టు పడుతుంది. మా అమ్మ ఇంకో అడుగు ముందుకేసి నా కంప్యూటరుకి బంతిపూలు పెట్టి, గుప్పెడు అక్షింతలు దాని నెత్తిన చల్లి, "నూరేళ్ళు పని సెయ్యాల" అని పెళ్లికొడుకుని దీవించినట్టు దీవిస్తుంది. ఆ పూజ అయిన నెలకే ఇది జరిగింది.

నాన్న క్రేను నడిపి రిటైరయ్యాడు. రెండేళ్ళ కిందట గొంతుకి ఆపరేషన్ అయి మాట పోయింది. అప్పటినుంచీ ఇంట్లో మాకు క్రేను సైగలే దిక్కు. పిడికిలి బిగిస్తే ఆపమని. చూపుడువేలు పైకెత్తి గిర్రున తిప్పితే లేపమని. ఆయన గొంతు మా దగ్గర ఎక్కడా లేదు. ఫోన్‌లో రెండు ముక్కలుంటే ఆ ఫోనే పాడైపోయింది.

అలాంటిది ఆ రోజు, ఏటి అవతల మాంగో పేటలో పెళ్లి వీడియోలు తీసే మామయ్య ఫోన్ చేశాడు. వెనకటికి ఇక్కడి మన తెలుగువాళ్ళు నాటకం ఆడినప్పుడు తను తీసిన వీడియో దొరికిందట. అందులో నాన్నది రాజు వేషం! నేను చెప్పులు సరిగ్గా వేసుకున్నానో లేదో కూడా గుర్తులేదు. ఆటోలో వంతెన దాటి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"నాలుక్కల్లా డిస్కు తెచ్చియ్యాలమ్మా. సాయంత్రం రైలుకి కూతురింటికి పోతన్నాను, మరి రాను. నా పనంతా దీన్లోనే ఉంది" అంటూ డిస్కు నా చేతిలో పెట్టాడు.

రెండింటికి ఇంట్లో డిస్కు తగిలించాను. నాటకం మూడు పెద్ద ఫైళ్ళు. ఇరవై నిమిషాలు పడుతుందంది కంప్యూటరు. నేను ఎగిరి గంతేశాను. టీ తాగి వచ్చి చూస్తే రెండు గంటలంటోంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూస్తే ఏడు గంటలు! మౌసు కదిపితే బాణం గుర్తు కాసేపాగి, ఆలోచించుకుని కదులుతోంది.

నాకసలే ఓపిక తక్కువ. తెరిచి ఉన్నవన్నీ మూసేశాను. వైరస్ వెతికే ప్రోగ్రాముని ఆపాను. కాపీ ఆపి, వైరు మార్చాను, కంప్యూటరు వెనక, వేగం ఎక్కువనే నీలం రంధ్రంలో గుచ్చాను. మళ్ళీ మొదలెడితే కాసేపు పరుగు, ఆ తర్వాత నత్తనడక. వైరుని తిట్టాను, డిస్కుని తిట్టాను, తొంగిచూసిన అమ్మని కూడా కసిరాను.

"ఏటే, ఏటైంది?"

"నువ్వుండమ్మా! టైమ్ నహీ హై!"

మూడున్నరకల్లా బయల్దేరాలి, ఇంకా గంట కూడా లేదు. నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు నాన్న లేచి నా ముఖం ముందు పిడికిలి బిగించాడు. ఆపు. నోరు మూసుకున్నాను. అమ్మ మిక్సీ ఆపింది. ఆయన వంగి కంప్యూటరు డబ్బాకి చెవి ఆనించాడు, ముప్పై ఏళ్ళు మోటార్ల చప్పుడు విన్న చెవి. తల అడ్డంగా ఊపి, వేలితో గాలిలో సున్నా చుట్టి, చెయ్యి తిరగేశాడు. తిరగడం లేదు!

కరెంటు తీసి పక్క రేకు విప్పాను. పైన గాలికోసం పెట్టిన రంధ్రాల్లోంచి రాలిన అక్షింతలు, ఎండిన బంతిరేకులు లోపలి ఫ్యాను రెక్కల్లో గట్టిగా ఇరుక్కున్నాయి. పాపం, వేడెక్కిన కంప్యూటరు తనని తాను కాపాడుకోడానికి మెల్లబడింది. నేనేమో చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.

"అక్షింతలే అమ్మా, నీ అక్షింతలు!"

"అయ్యో నా తల్లీ! కింద పడెయ్యకే, తొక్కకూడదు" అంటూ అమ్మ కొంగు పట్టింది. పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో గింజా ఆవిడ కొంగులోకి ఊడ్చాను.

మీట నొక్కగానే ఫ్యాను గుయ్యిమంది. నాన్న వేలు పైకి లేచి గిర్రున తిరిగింది. కాపీ మళ్ళీ మొదలెడితే, తెరమీద అది ఎంతయిందో చూపే పచ్చగీత ఈసారి ఆగలేదు. నేను కుర్చీలో కూర్చోలేక గదంతా తిరిగాను. నాలుక్కి పదిహేను నిమిషాలున్నాయనగా మూడు ఫైళ్ళూ వచ్చేశాయి. "దారిలో ఉన్నాను" అని మామయ్యకి ఫోన్‌లో అబద్ధం ఆడేశాను. సరిగ్గా వచ్చిందో లేదో చూడకుండా డిస్కు ఎలా ఇచ్చేస్తాను?

మొదటి ఫైలు తెరిచాను. తెర వెనక సందడి. కిరీటం పెట్టుకున్న నాన్న, మీసాలు అతికించుకుంటూ పక్కకి తిరిగి అరిచాడు.

"ఏమే! నా కళ్ళజోడు ఎక్కడెట్టినావే?"

వంటింట్లోంచి వెంటనే అమ్మ గొంతు. "గూట్లోనే ఉంది, సూడండి!"

ఆ తర్వాత ఏదో గిన్నె కిందపడింది. అమ్మ తడిచేతులతో గుమ్మంలోకొచ్చి నిలబడింది. నాన్న ఆమెనే చూస్తూ చూపుడువేలు పైకెత్తి గిర్రున తిప్పాడు.

నేను సౌండు పూర్తిగా పెంచాను.