ఎర్ర సూదిమందు

లద్దాఖ్‌లో మా పోస్టుకు చేరింది డెబ్బైల నడుమ, అక్టోబరు ఆఖర్లో. మంచు మోకాలి దాకా ఉంది. బంకర్లో ఆరుగురం. నేను హైదరాబాద్ కిషన్‌బాగ్‌లో పాలు అమ్మేవాళ్ల కొడుకును. వైర్‌లెస్ ఆపరేటర్‌ది నల్గొండ వైపు. తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

పొద్దున్నే హవల్దార్ అందరి అరచేతుల్లో విటమిన్ గోలీ పెట్టేవాడు. మింగేదాకా కదిలేవాడు కాదు.

చలి ముదిరేసరికి ఆపరేటర్ మారిపోయాడు. ముఖం పాలిపోయింది. అన్నం తింటే నాలుక మంట అనేవాడు.

"కాళ్లు నావి కానట్టున్నయ్ అన్నా," అన్నాడొకసారి.

"సలికి గట్లనే ఉంటది," అన్నాను.

ఒక మధ్యాహ్నం మంచుతుఫానులో గస్తీ దళం దారి తప్పి రేడియోలో పిలిచింది. ఆపరేటర్ మైకు పట్టుకున్నాడు. మా పోస్టు సంకేతనామమే గుర్తుకు రాలేదు. హవల్దార్ సెట్టు లాక్కొని తానే దారి చెప్పాడు. దళం క్షేమంగా చేరింది.

"పీ రఖీ హై క్యా?" అని, తాగి ఉన్నాడనుకొని ఆపరేటర్ మీద మండిపడ్డాడు. కేసు పెడతానన్నాడు.

అతను చుక్క ముట్టడని నాకు తెలుసు. ముందు డాక్టరుకు చూపిద్దామని బతిమాలాను. హవల్దార్ ఒప్పుకొని, నన్నే తోడు పంపాడు.

కింది ఆసుపత్రిలో డాక్టరు నాలుక చూశాడు. ఎర్రగా, నున్నగా ఉంది. కళ్లు మూసుకొని నిలబడమంటే ఆపరేటర్ తూలి నామీద పడ్డాడు. రక్తపరీక్షలు చేసి, బి-పన్నెండు విటమిన్ లోపమన్నాడు.

అందరం అవే గోలీలు మింగాం, ఇతనికే ఎందుకిలా అని అడిగాను. డాక్టరు హిందీలో ఓపికగా చెప్పాడు. ఆ విటమిన్ రక్తంలోకి చేరాలంటే కడుపులో ఒక పదార్థం ఊరాలట. ఇతనికి ఊరడం లేదు. అందుకే రక్తం తగ్గింది, నరాలూ మతీ దెబ్బతిన్నాయి. ఇక సూదే దారి.

సిరంజిలో మందు దానిమ్మరసంలా ఉంది. ఆ కాస్త ఎరుపు మనిషి జ్ఞాపకాన్ని ఎలా వెనక్కి తెస్తుందా అని, అతన్ని ఆసుపత్రిలోనే ఉంచి పోస్టుకు తిరిగి ఎక్కినంతసేపూ ఆలోచించాను.

వేసవిలో నా డ్యూటీ ముగిసింది. అప్పటికి హవల్దార్ కేసు మాట మానేశాడు. దిగుతూ ఆసుపత్రిలో ఆగాను. ఆపరేటర్ బంకర్లో వాళ్లందరి పేర్లూ ఊళ్లూ గడగడా చెప్పాడు.

"పానమున్నన్ని దినాలు సూది ఏస్కోవాల్నట. ఏం ఫికర్ లేదన్నా," అన్నాడు.

కిషన్‌బాగ్ చేరాక బస్తీవాళ్లు చుట్టూ చేరి, దుష్మన్ ఎట్లుంటడని అడిగారు. నేను చూడనేలేదని చెప్పాను. నా కళ్లముందు ఉన్నది ఆసుపత్రి గేటు. నన్ను సాగనంపడానికి వచ్చిన ఆపరేటర్ బూట్లు విప్పేసి, కంకర మీద ఉత్తకాళ్లతో అడుగు వేశాడు. మొహం చిట్లించాడు. మళ్లీ వేశాడు.

"గుచ్చుతున్నయ్ అన్నా," అన్నాడు నవ్వుతూ.