బొబ్బ బజ్జుంది

డిగ్రీ పూర్తయి, ఉద్యోగం ఇంకా రాక, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకు తిరిగిన ఆ రోజుల్లో, పిల్లల పెంపకం గురించి నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, పైగా ఫోనులో వీడియోలు చూడ్డానికి బోలెడంత తీరిక. అనుభవం అడ్డు రాకపోతే జ్ఞానం ఎంత ఏపుగా పెరుగుతుందో నన్ను చూసి తెలుసుకోవాల్సింది. మా అక్క తన రెండేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని ఆమదాలవలసలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను ఆ ఇంటికి ఆరోగ్యశాఖ మంత్రిని అయిపోయేదాన్ని. కాటుక పెట్టొద్దు, ముక్కులో నూనె చుక్కలు వెయ్యొద్దు, సాంబ్రాణి పొగ మొహాన పట్టొద్దు. మా అమ్మ అన్నీ శ్రద్ధగా వినేది. విని, "అలగైతే నువ్వెలగ బతికినావే?" అనేది.

అక్క కూతురికి శ్రీకూర్మంలో పుట్టెంట్రుకలు తీయించి అప్పటికి నెల కూడా కాలేదు. అందుకని అందరం దాన్ని గుండు అనే పిలిచేవాళ్ళం. (అసలు పేరు చాలా పొడుగ్గా, సంస్కృతంలో ఉంటుంది. పెట్టిన మా బావకే నోరు తిరిగేది కాదు.) ఆ రోజు అక్క టీచరు ఉద్యోగం పరీక్ష రాయడానికి పొద్దున్నే రైలెక్కి విజయనగరం వెళ్ళింది. వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ, "గుంటని అమ్మకొగ్గేయకు, నువ్వే సూసుకో" అని పిల్లని నాకు అప్పగించింది. నాన్న రైసుమిల్లులో పనికి వెళ్ళిపోయారు. అమ్మ వసారాలో చాప పరుచుకుని ఎండిన బొబ్బరికాయలు ఒలుస్తోంది. గుండు ఆ పక్కనే చతికిలబడి గింజల్ని గిన్నెలోంచి చాప మీదికీ, చాప మీదినుంచి గిన్నెలోకీ పోసుకుంటోంది. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "నోట్లో పెట్టుకుంటుందేమో చూడమ్మా" అని అంటూనే ఉన్నాను. "సూస్తన్నానే" అని అమ్మ అంటూనే ఉంది. ఇద్దరం దాని నోటికి గట్టి కాపలా కాశాం. ముక్కుకి కాయాలని ఎవరికి తోస్తుంది?

కాసేపటికి గుండు నా దగ్గరికి వచ్చి, ముక్కు మీద వేలు పెట్టుకుని, ఎవరికీ చెప్పకూడని మాటలాగా "పిన్నీ, బొబ్బ బజ్జుంది" అంది. పాపం, ముక్కు మీద బొబ్బ లేచిందేమోనని నేను వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాను. ఏమీ కనపడలేదు. "దోమ కుట్టినట్టున్నాది" అని అమ్మ కాస్త కొబ్బరినూనె రాసింది. కొబ్బరినూనె వల్ల రంధ్రాలు మూసుకుపోతాయని నేను వాదించాను. మేమిద్దరం ఆ చిన్న ముక్కు మీద అలా తగాదా పడుతుంటే, గుండు ఓపిగ్గా విని, మాకు అర్థం కాలేదని గ్రహించి, వేలు పైకి కాకుండా ఈసారి లోపలికి చూపించింది. "బొబ్బ లోప్పల బజ్జుంది. లెగమంటే లెగట్లేదు."

అమ్మ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది. ఆవిడ గిన్నెలోకి చూసింది, మనవరాలి మొహంలోకి చూసింది. "ఓలమ్మో! బొబ్బర గింజే! ముక్కులోన ఎట్టీసుకున్నాదే!"

ఫోను దీపం వేసి చూస్తే నిజమే. కుడి ముక్కు లోపల, గోధుమరంగులో నున్నగా మెరుస్తూ, నిజంగానే హాయిగా నిద్రపోతున్నట్టుంది. అమ్మ కేకకి పక్కింటి పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగున వచ్చింది. ఆవిడ రొంటిన ఎప్పుడూ పొడుం డబ్బీ ఉంటుంది. విషయం సగం వింటూనే డబ్బీ తీసేసింది. "సిటికెడు పొడుం ఎట్టండే. ఒక్క తుమ్ము తుమ్మినాదంటే తుపాకీలోంచి వొచ్చినట్టు వొచ్చెస్తాది." అమ్మ ఒప్పుకోలేదు. "పొడుమొద్దప్పా, మండిపోద్ది. రెండు సుక్కలు ఆముదం ఏద్దుం, జారిపోద్ది." నేను గుండుని ఎత్తుకుని గోడకి ఆనుకుని నిలబడి, "ఎవరూ ఏమీ వెయ్యడానికి వీల్లేదు!" అని అరిచాను. "జారి ఎటు పోతుందమ్మా? బయటికే వస్తుందని నీకు గింజ చెప్పిందా? గొంతులోకి పోతే?"

ఆ మాట అన్నాక నాకే భయమేసింది. అందాకా అది నవ్వులాట. "తడికి నానితే ఉబ్బుద్ది కూడానే" అని అమ్మ నెమ్మదిగా అంది. పెద్దమ్మ డబ్బీ మూసేసింది.

అక్క ఫోను పరీక్ష హాలు బయట ఎక్కడో సంచిలో ఆపేసి ఉంటుంది. బొబ్బిలిలో పని చేసే బావకి చేశాను. సిగ్నలు అటూ ఇటూ కొట్టుకుంటోంది. "బావా, గుండు ముక్కులో బొబ్బర గింజ..." అంటుంటే, "ఏటీ, గుండుని బొబ్బిలి తెస్తన్నారా? ఇప్పుడెందుకే, సాయంత్రం నానే వొస్తాను కదా" అన్నాడు. "బొబ్బిలి కాదు బావా, బొబ్బర!" "అదే, బొబ్బిల్లోనే ఉన్నాను." ఆ సంభాషణ ఇంకా ఎంతసేపు సాగేదో గానీ, వీధిలో ఆటో కనపడగానే ఫోను పెట్టేశాను.

శ్రీకాకుళం దాకా ఆ ఆటో ప్రయాణం మర్చిపోలేను. ముక్కుతో గట్టిగా పీలిస్తే గింజ లోపలికి పోతుందని నా భయం. అందుకని "ముక్కు ఎగబీల్చకే తల్లీ" అన్నాను. అప్పటిదాకా ఆ ఊసే లేని గుండు వెంటనే ఎగబీల్చింది. "వద్దమ్మా, నోటితో పీల్చు" అంటే నోరు తెరిచి పాట ఎత్తుకుంది. అమ్మ ఏ దేవుడికి మొక్కుకుంటోందో పెదాలు కదులుతున్నాయి. మధ్యలో ఆగి, "గింజల దగ్గర కూకోబెట్టింది నువ్వే" అంది. "ఒలిచింది నువ్వు" అన్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరం మాటలాపి గుండు ముక్కులోకి తొంగి చూసేవాళ్ళం. గుండుకి ఇదంతా బ్రహ్మాండంగా ఉంది. పుట్టాక దాని ముక్కుకి అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు.

పిల్లల డాక్టరు దగ్గర వరండా నిండా తల్లులే. దగ్గులు, జ్వరాలు, టీకాలు. లోపలికి పిలిచేలోగా పక్కన కూర్చున్న ఒకావిడ సంగతంతా అమ్మ దగ్గర రాబట్టి, నా వైపు తిరిగి, "ఏటమ్మా, కన్నావు గానీ కనిపెట్టుకోనేవా?" అంది. "నేను తల్లిని కాదండి, పిన్నిని. నాకు పెళ్ళే కాలేదు" అన్నాను. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. వరండా అంతా ఒక్కసారి నన్ను ఎగాదిగా చూసింది. "మరి తల్లేదీ?" "పరీక్ష రాస్తోందండి." "సంటిపిల్లనొగ్గీసి పరీచ్చా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. అప్పటిదాకా అక్క మీద నాకూ కోపంగానే ఉంది గానీ, ఆ మాటకి ఎక్కడ లేని పౌరుషం వచ్చింది. "ఉద్యోగం వస్తే పిల్లకే కదండీ" అన్నాను గట్టిగా. ఆ ఒక్క వాక్యం తప్ప ఆ రోజు నేను తెలివిగా మాట్లాడింది ఇంకేమీ లేదు.

డాక్టరుగారు నిదానస్తుడు. చిన్న లైటు పట్టుకుని దగ్గరికి రాగానే గుండు వీధి చివర దాకా వినపడేలా ఏడ్చి, ఆయన చెయ్యి కొరకబోయింది. ఆయన వెనక్కి తగ్గారు. "ఇలా గింజుకుంటుంటే పనిముట్టు పెట్టకూడదమ్మా. విశాఖపట్నం పంపించి, మత్తిచ్చి తియ్యాల్సి రావచ్చు" అన్నారు. మత్తు అనగానే అమ్మ కుర్చీ పట్టుకుంది. "దానికి ముందు ఒకటి చేసి చూద్దాం. పాపకి బాగా చేరికైనవాళ్ళు ముద్దు పెడుతున్నట్టు దాని నోటికి నోరు ఆనించాలి. నేను రెండో ముక్కు మూసి పట్టుకుంటాను. నేను చెప్పగానే ఒక్క ఊపున ఊదాలి. గాలి దారి వెతుక్కుని ముక్కులోంచి గింజని తోసేస్తుంది. ఎవరు చేస్తారు?"

అమ్మ నా వైపు చూసింది. నేను గుండు వైపు చూశాను. గుండు గోడ వైపు చూసింది.

"గుండూ, పిన్నికి ముద్దివ్వమ్మా." "ఇవ్వ." "బంగారు కదూ." "కాదు." ఫోను ఇస్తానన్నాను, గాజులు తీసి ఇచ్చాను. గాజులు పుచ్చుకుని కూడా "ఇవ్వ" అంది. చివరికి అది డాక్టరుగారి మెడలోని స్టెతస్కోపు మీద మనసు పడింది. ఆయన మారుమాట లేకుండా తీసి దాని మెడలో వేశారు. అప్పుడు మొహం దగ్గరికి తెచ్చి, వాసన చూసి, "పిన్ని కంపు" అంది. (పొద్దున్న తిన్న ఉల్లిపాయ చట్నీ. అంత మూసుకుపోయిన ముక్కుకి వాసన ఎలా తెలిసిందో దాన్నే అడగాలి.) మొదటిసారి ఊదబోతే నా నోట్లోనే కిలకిలా నవ్వేసింది. గాలంతా పెదాల పక్కనుంచి పోయి తుస్సుమంది. "నవ్వించకుండా, గట్టిగా" అన్నారు డాక్టరుగారు. కళ్ళు మూసుకుని, ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు, ఈ ఒక్క గింజ వచ్చేస్తే చాలు అనుకుని, ఉన్న ఊపిరంతా ఊదాను.

నా చెంప మీద ఏదో వెచ్చగా, జిగటగా టప్పున తగిలింది. కళ్ళు తెరిచేసరికి గింజ నా దుపట్టా మీద ఉంది. ఉబ్బి, పొట్టు ముడతలు పడి, ఇంకాస్త ఆలస్యమైతే మొలకెత్తేలా ఉంది. అమ్మ పైట నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. డాక్టరుగారు నవ్వుతూ రెండు ముక్కులూ, ఆ పైన రెండు చెవులూ కూడా చూశారు. నేను గింజని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని, ఏడవబోయి నవ్వేశాను. గుండు చప్పట్లు కొట్టి, "మల్లీ!" అంది.

మళ్ళీ లేదని తెలిశాక అది ఏడ్చిన ఏడుపు ముందు, లోపలికి వచ్చేటప్పటి ఏడుపు ఎందుకూ పనికిరాదు. వరండాలోని తల్లులంతా ఏం జరిగిపోయిందోనని లేచి నిలబడ్డారు. సాయంత్రం అక్క వచ్చి అంతా విని, కూతుర్ని గట్టిగా హత్తుకుని, నాతో "ముక్కులో ఎట్టుకుంటుంటే నువ్వేటి సేస్తన్నావే?" అంది. బావ బొబ్బిలి నుంచి వచ్చి, "ముందే సరిగ్గా సెప్పొచ్చు కదా" అన్నాడు. మర్నాడు గుండు ఎక్కడినుంచో ఇంకో బొబ్బర గింజ సంపాదించి, ముక్కు దగ్గర పట్టుకుని, "పిన్నీ, ముద్దు?" అంటూ నా పక్కన నిలబడింది. ఆ తర్వాత చాలాకాలం మా ఇంట్లో బొబ్బర్లు వండలేదు.

ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. ఒకడికి దగ్గు తగ్గేసరికి ఇంకోదానికి విరేచనాలు పట్టుకుంటాయి. ఆఫీసుకి ఆలస్యమవుతూ, ఒక చేత్తో జ్వరం చూస్తూ, ఇంకో చేత్తో టిఫిను డబ్బా మూస్తూ ఉన్నప్పుడు అప్పుడప్పుడు డాక్టరుగారి గదిలో నిలబడ్డ ఆనాటి పెళ్ళికాని అమ్మాయి గుర్తుకొస్తుంది. జుట్టు చెదిరి, చెంప నిండా చీమిడి, ఆ గింజని విజయ పతాకంలా పైకెత్తి పట్టుకుని, అక్కడితో గండాలన్నీ గట్టెక్కేశాయనుకుని నవ్వుతోంది. ఎదురుపడితే ఆ పిల్లకి నిజం చెప్పను. పైటచెంగుతో చెంప తుడిచి పంపించేస్తాను.