అమ్మాయి పేరు కింద వేరే కాలేజీ

ఆయన పోయాక మిరప కోతలకు పోయి మా అమ్మాయిని చదివించాను. అది మిరప తెగులు మీదే పరిశోధన చేసింది. వ్యాసం అచ్చయిందని సంబరపడ్డాం గానీ, పిల్ల పేరు కింద వేరే కాలేజీ పడింది. గైడు సారు మధ్యలో కాలేజీ మారి, అందరికీ తన కొత్త కాలేజీనే రాసేశారు. ఈ వ్యాసం మాది కాదు, డాక్టరేటుకు లెక్కలోకి రాదంది పిల్ల చదివే కాలేజీ. సారు మెయిలు పెడితేనే పత్రికవాళ్లు సరిచేస్తారట. ఆయనేమో రేపు మాపంటూ ఏడాది తిప్పారు.

విసుగొచ్చి ఒకరోజు నేనే ఎండుమిరపకాయలు పట్టుకుని సారు ఇంటికి వెళ్లి, పిల్ల తల్లినని చెప్పాను. సారు ఒక కాయ విరిచి వాసన చూశారు.

"ఏ ఊరి కాయలమ్మా ఇవి?"

"మా ఊరివేనండి. మీ చేతికిచ్చినంత మాత్రాన మీ ఊరివైపోతాయా అండీ?"

ఆయనకు అర్థమైంది. "మీ అమ్మాయి పేరైతే ఉంది గదమ్మా. ఇంత చిన్నదానికి వచ్చారా?"

"మీకు చిన్నదేనండి. పిల్లకు చదువే ఆగిపోయింది."

ఆ వారంలోనే సారు పత్రికకు మెయిలు పెట్టారు.

"పత్రికవాళ్లు పాతది తీసెయ్యరమ్మా, పక్కన మా కాలేజీ పేరుతో సవరణ వేశారు. కాలేజీవాళ్లు ఒప్పుకున్నారు," అంది అమ్మాయి.

"సరేలే," అన్నాను. సంతోషపడే ఓపిక ఇద్దరికీ లేదు. అన్నం తిని పడుకున్నాం.