తల ఊగే అవ్వకు కదలని ఫోటో తీసిన మా ఓబులేసు

నిన్న పొద్దున్నే ఫోన్. ఓబులేసు కూతురు.

"చిన్నాయనా, నాయన పోయినాడు" అంది. ఇంకేం చెప్పలేకపోయింది.

నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆస్పత్రిలో ఉన్నట్టు నాకు చెప్పనివ్వలేదట. "తిప్పడికి చెప్పొద్దండి, మోకాళ్ల నొప్పులతో పడతా లేస్తా వస్తాడు" అన్నాడట.

ధర్మవరం నుంచి నేను హిందూపురం చేరేసరికి అంతా అయిపోయింది.

నేను చెబుతుంటే మనవరాలు టైప్ చేస్తోంది. ఏమైనా తప్పులుంటే సర్దుకోండి.

మన పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అరవైల మొదట్లో నేనూ ఓబులేసూ కలిసి హిందూపురంలో చిన్న స్టూడియో నడిపాం. కెమెరా వాడిది. డార్క్‌రూమ్ నాది.

అప్పట్లో మా లైటింగ్ అంటే రెండు పెద్ద బల్బులు. సాయంత్రమైతే వోల్టేజ్ పడిపోయేది. ఫోటోకి కూర్చున్న మనిషి ఊపిరి బిగబట్టి ఉండాలి. కదిలితే మొహం అలికేసినట్టు వచ్చేది.

ఓబులేసు బెంగళూరు పోయి ఫ్లాష్ తెచ్చాడు. పళ్లెంలాంటి రిఫ్లెక్టర్, మధ్యలో ఒక బల్బు. ఒకసారి వెలిగితే ఆ బల్బు పని అయిపోయినట్టే.

"ఇంక మన కష్టాలు తీరినాయిరా" అన్నాడు.

ఎక్కడ తీరాయి!

మామూలు బల్బు అయితే నీడ ఎక్కడ పడుతోందో కంటికి కనిపిస్తుంది. ఫ్లాష్ టప్పుమని వెలిగి ఆరిపోతుంది. ఏం వచ్చిందో, ఏం చెడిందో నెగటివ్ కడిగాకే తెలియాలి.

అంటే చెడ్డ వార్త ముందు నాకే తెలిసేది. బయటికొచ్చి వాడికి నేనే చెప్పాలి.

"మళ్లా పోయిందిరా."

"నువ్వు సరిగ్గా కడిగినావా?"

రోజూ ఇదే గొడవ.

మొహాలు పిండి పూసినట్టు వచ్చేవి. వెనక పరదా మీద నల్లటి నీడ, ఇంకో తలకాయ మొలిచినట్టు. కళ్లద్దాల వాళ్లకైతే కళ్లే ఉండేవి కావు, రెండు తెల్ల బిళ్లలు తప్ప.

అప్పుడే ధర్మవరం నుంచి ఒక నేతగాడు కొత్తగా పెళ్లయిన కూతురిని తీసుకొచ్చాడు. మర్నాడే ఆ అమ్మాయి అత్తగారింటికి ప్రయాణం. ఆమె కట్టుకున్న పట్టుచీర ఆయన చేత్తో నేసింది.

ఓబులేసు ఫ్లాష్‌తో తీశాడు.

ఫోటో కోసం వచ్చినప్పుడు ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, నా కూతురు ఉండాది. నేను నేసిన చీర యాడ?"

జరీ అంతా వెలుగుకు తెల్లగా మాడిపోయింది. అంచు లేదు, బుటా లేదు. సున్నం చల్లినట్టు ఒక మచ్చ.

ఆయన అరవలేదు. ఫోటో బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. అమ్మాయి అప్పటికే బళ్లారి చేరింది. మళ్లీ తీసే వీలు లేదు.

నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఓబులేసుకు పిచ్చి పట్టింది. గిరాకీ లేనప్పుడల్లా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టప్, టప్. అన్నం తింటుంటే అన్నంలో కూడా నాకు పచ్చ చుక్కలే.

"నా కండ్లు పోతే నువ్వే సాకల్ల నన్ను!" అని అరిచాను.

"సాకుతా లేరా. గడ్డం పైకెత్తు."

ఫ్లాష్‌ను కెమెరా దగ్గర్నుంచి తీసి, పొడుగు వైరు కట్టి పక్కకు పెట్టాడు. సగం మొహం చీకటైపోయింది. పైకి పెట్టాడు. ముక్కు కింద మీసం లాంటి నీడ. ఇద్దరికీ విసుగు. ఒకరితో ఒకరం మాట్లాడని రోజులు కూడా ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటి గోడకు కొత్తగా సున్నం కొట్టారు. ఓబులేసు నా మొహంలోకి అదే పనిగా చూస్తున్నాడు.

"కదలాకరా! గోడ మీద పడిన ఎండ నీ మొగం మీదికి ఎంత మెత్తగా వస్తాందో!"

లోపలికి పరిగెత్తి తన తెల్ల పంచె తెచ్చి తాడు మీద ఆరేశాడు. ఫ్లాష్‌ను నా వైపు కాకుండా పంచె వైపు తిప్పాడు. మొదట అంతా చీకటిగా వచ్చింది. పంచెను దగ్గరికి జరిపాడు. ముందు ఫ్లాష్ పెట్టే చోట ఒక మామూలు బల్బు పట్టుకొని నీడ చూసుకొని, తర్వాత ఫ్లాష్ వెలిగించడం అలవాటు చేసుకున్నాడు.

చివరికి ఒక నెగటివ్‌లో నా చెంప చెంపలా వచ్చింది.

ఆ సంగతి విని పెనుకొండ నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్లమ్మకు తల వణుకు. ఎవరు తీసినా మొహం చెదిరిపోయేదట. "మా యమ్మ పోయినాంక నేనేం జూసుకోల్లప్పా?" అన్నాడు.

పంచె, వైరు, ఫ్లాష్, కెమెరా మూటగట్టుకొని బస్సెక్కాం.

"కదలొద్దవ్వా" అన్నాడు ఓబులేసు.

"నేను కదల్లేదప్పా. తలకాయే కదుల్తాది" అంది అవ్వ.

వాడు నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. అప్పుడు వెలిగించాడు. ఫ్లాష్ రెప్పపాటులో వెలిగి ఆరిపోతుంది కదా, తల ఊగినా ఫోటోలో మొహం చెదరలేదు.

ప్రింటు తీసుకొని మళ్లీ మేమే వెళ్లాం. అవ్వ ఫోటోను రెండు చేతులతో పట్టుకుంది. ఆమె తల ఊగుతూనే ఉంది.

"ఇది నేను కాదు. మా యమ్మ" అంది.

"నువ్వేనమ్మా" అన్నాడు కొడుకు.

"మా యమ్మకు ఫోటో ల్యాదు. ఇట్లే నవ్వుతాండె" అని కొంగుతో ఫోటో తుడిచింది.

తిరుగు బస్సులో ఓబులేసు వైపు చూస్తే మొహం మాడ్చుకొని కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"చెవి కింద నీడ గట్టిగా పడిందిరా. పంచె ఇంకొంచెం జరిపింటే బాగుండు."

బస్సులో అందరూ తిరిగి చూసేలా తిట్టాను వాణ్ణి.

వాడు అంతే. బతికినన్నాళ్లూ అంతే.

పోయిరా ఓబులేసూ. అక్కడైనా కాసేపు ఏదీ సరిచేయకుండా, కాళ్లు చాపుకొని హాయిగా కూర్చో.